ఆకాశమున ఢీకొనకుండ కాపాడు చౌక పరికరము

వేసవి దుక్కి దున్నిన ఎఱ్ఱచేలపై మధ్యాహ్నవేళ గద్దలు ఱెక్క కదలింపకయే గుండ్రముగా తిరుగుచు పైకి పోవుట మనమందఱము చూచినదే. ఎండకు కాగిన దుక్కినేల తనపైనున్న గాలిని వేడిచేయును. ఆ గాలి తేలికయై స్తంభమువలె పైకి లేచును. తడిగానున్న వరిమళ్లపైనను చెఱువునీటిపైనను గాలి అంత బలముగా లేవదు. గద్దకు ఈ సంగతి చక్కగా తెలియును. కావుననే ఒక గద్ద పైకి పోవుట చూచి నాలుగు దిక్కులనుండి మఱికొన్ని వచ్చి ఆ చోటనే చేరును.

ఈ విద్యను మనుష్యుడును నేర్చినాడు. ఇంజను లేని విమానమును గ్లైడరు అందురు. దానిని పొడవైన తాటితో నేలపైనుండి యంత్రముచే లాగియో, మఱియొక విమానము వెనుక కట్టియో పైకి లేపి విడిచెదరు. పిమ్మట అది వేడిగాలిని వెదకికొనుచు గంటలకొలది ఎగురును. జర్మనీ, ఫ్రాన్సు, స్విట్జర్లాండు దేశములలో ఈ విద్య నేర్చినవారు వేలకొలది కలరు. మన దేశమున పుణె నగరపు హడప్సరులో గ్లైడింగు కేంద్రము స్థాపింపబడినది.

సేద్యపు పత్రికలో దీని ప్రసక్తి ఎందుకని పాఠకులు అడుగవచ్చును. డ్రోనులతో మందు చల్లు ప్రదర్శనల వద్ద సభ్యులు నన్ను తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "ఇవి ఊరూర పెరిగిన యెడల ఒకదాని కొకటి కొట్టుకొనవా, అయ్యా?" ఈ ప్రశ్నకు డ్రోనులకంటె ముందుగా జవాబు వెదకినవారు గ్లైడరువారు. వారికి దొరకిన జవాబు చౌకది. చౌకయగుటయే దాని బలము. ఆ సంగతి వివరించుటకే ఈ వ్యాసము.

గద్దలు గుమిగూడినట్లే గ్లైడరులును గుమిగూడును. మంచి వేడిగాలి దొరకినచోట పది పదునైదు గ్లైడరులు ఒకదానిపై నొకటిగా, ఒకే వైపునకు తిరుగుచు ఎక్కుచుండును. ఆల్ప్సు పర్వతములలో కొండవాలును అంటి ఎదురెదురుగా వచ్చుచుండును. దూరదూరముగా ఎగురుడని వారితో చెప్పిన ప్రయోజనము లేదు. ఇంజను లేనివారు గాలి యున్నచోటికే పోవలయును. మన కాల్వగట్టు బాట వంటిది అది. చుట్టును పొలము ఎంత విశాలముగా నున్నను బండ్లన్నియు ఆ గట్టుమీదనే నడువవలెను గదా.

అట్లయిన కన్నులు లేవా యని అడుగుదురేమో. చిన్న విమానములకు మొదటినుండి ఉన్న నియమము అదియే: చూడుము, తప్పుకొనుము. నియమము మంచిదే. కాని గ్లైడరు సన్నని వస్తువు. దాని ఱెక్కల పొడవు 15 మీటర్లో 18 మీటర్లో ఉండునుగాని, ఎదురుగా చూచినపుడు అది ఒక గీత మాత్రమే. మనిషి కూర్చుండు భాగపు వెడల్పు ముప్పాతిక మీటరునకు లోపుగానే ఉండును. కిలోమీటరు దూరమున అది ఎంత కనబడునో తెలియవలెనన్న, ఇరువది మీటర్ల దూరమున ఒక రేగుపండు నుంచి చూడుడు. అదియు తెల్లని మబ్బు ముందర తెల్లని రేగుపండు! గాజునారతోను జిగురుతోను చేసిన శరీరము ఎండకు మెత్తబడకుండుటకై గ్లైడరులకు సాధారణముగా తెల్లరంగే వేయుదురు.

ఇక వేగము సంగతి. రెండు గ్లైడరులు గంటకు 108 కిలోమీటర్ల చొప్పున ఎదురెదురుగా వచ్చినచో సెకండునకు 60 మీటర్లు దగ్గఱగుచుండును. కిలోమీటరు తరుగుటకు సుమారు 17 సెకండ్లు చాలును. వస్తువును చూచుట, అది విమానమని గుర్తించుట, మీదికి వచ్చుచున్నదని గ్రహించుట, ఎటు తప్పుకొనవలెనో నిశ్చయించుట, చేయి కదలించుట, విమానము కదలుట, ఇన్నింటికి కలిపి పన్నెండున్నర సెకండ్లు పట్టునని అమెరికా విమానశాఖవారు లెక్కకట్టిరి. మిగులునవి నాలుగే. ఆ రేగుపండును మొదటి చూపులోనే పట్టగలిగినవానికి మాత్రమే ఆ నాలుగైనను మిగులును.

అన్నిటికంటె పెద్ద మోసము మఱియొకటి యున్నది. మనలను ఢీకొన వచ్చు వస్తువు మన కంటికి కదలదు. రెండు బండ్లు వేర్వేరు బాటలనుండి ఒకే కూడలికి ఒకే సమయమునకు చేరునట్లు నిలుకడగా వచ్చుచున్న వనుకొనుడు. తోలువానికి ఆ రెండవ బండి తన ఎద్దుకొమ్మునకు సూటిగా ఒకేచోట నిలిచినట్లు కనబడును. కొమ్మును దాటి ముందుకో వెనుకకో జరిగిపోవు బండితో భయము లేదు. జరుగని బండితోనే భయము. ఆకాశమునందును అంతే. అద్దముమీద ప్రక్కకు జరుగు చుక్క తప్పిపోవును. జరుగక, క్రమముగా పెద్దదగు చుక్కయే మృత్యువు. మనుష్యుని కన్నో కదలు వస్తువును పట్టినట్లు కదలనిదానిని పట్టదు. ఎంత జాగరూకుడైన పైలటునకైనను కన్ను మాత్రమే చాలదనుటకు ఇదియే ముఖ్య కారణము.

పెద్ద విమానములవారు ఈ చిక్కును వేఱొక విధముగా తీర్చుకొనిరి. 1956 జూన్ 30న అమెరికాలో గ్రాండు కాన్యన్ మీద రెండు ప్రయాణీకుల విమానములు ఢీకొని 128 మంది మరణించిరి. అటుపిమ్మట ఏండ్లతరబడి జరిగిన కృషికి ఫలితము టీకాస్ అను యంత్రము. అది చుట్టునున్న విమానములను రేడియోతో ప్రశ్నించును. వానిలోని ట్రాన్స్‌పాండరు అను పరికరము జవాబు పలుకును. జవాబు వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి దూరము తెలిసికొని, అపాయమున్నచో ఒకదానిని పైకిని రెండవదానిని క్రిందికిని పొమ్మని టీకాస్ ఆజ్ఞాపించును. దీని విలువ మన దేశమునకు కఠినముగా తెలియవచ్చినది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ గ్రామములపై సౌదీ విమానమును కజకస్థాన్ విమానమును ఢీకొనగా 349 మంది, అనగా రెండింటిలోని వారందఱును, మరణించిరి. ఆ తరువాత ఇండియాకు వచ్చిపోవు విమానములలో ఇట్టి యంత్రము ఉండితీరవలెనని మన ప్రభుత్వము శాసించినది.

ఆ యంత్రమునే గ్లైడరునకు ఏల పెట్టరాదు? మొదటిది, వెల. ఒక పాత గ్లైడరు ఖరీదుకంటె దానికే ఎక్కువ కావచ్చును. బరువు, విద్యుత్తు సంగతులు అటుండనిండు. గ్లైడరులో ఉన్నది చిన్న బ్యాటరీ మాత్రమే. వీనికన్న ముఖ్యమైన అడ్డంకి వేఱొకటి. ఒకే వేడిగాలిలో నూఱు మీటర్ల యెడముతో తిరుగుచున్న పది గ్లైడరులను చూచి టీకాస్ ఎడతెగక కేకలు పెట్టును. ఎప్పుడును మొఱుగు కుక్క దొంగ వచ్చినపుడు మొఱిగినను ఎవ్వడు లేచును? పైకి పొమ్మని అది ఆజ్ఞాపించినను, ఇంజను లేనివాడు ఇష్టమువచ్చినపుడు పైకి పోలేడు.

స్విట్జర్లాండు దేశస్థులగు ఉర్స్ రోథాకర్, ఆండ్రియా ష్లాప్‌బాఖ్ అనువారు 2003లో ఈ పనికి పూనుకొనిరి. 2004 తొలి నెలలలో వారి పరికరము అమ్మకమునకు వచ్చినది. ఎగురుట, హెచ్చరిక అను రెండు ఇంగ్లీషు మాటలను కలిపి దానికి ఫ్లార్మ్ అని పేరిడిరి. అరచేతిలో పట్టు పెట్టె అది. రకమునుబట్టి కొన్ని వందల యూరోలు మొదలుకొని రెండువేల దాపునకు వెల యుండును.

దాని పని తీరును మన బండ్ల పోలికతో చెప్పుదును. పూర్వము రాత్రివేళ ప్రయాణము చేయు బండికి ఇరుసు క్రింద లాంతరు కట్టెడివారు. ఎడ్ల మెడలకు గంటలు కట్టెడివారు. ఆ లాంతరు తోలువానికి దారి చూపుటకంటె, ఎదుటివానికి 'ఇచట నేనున్నాను' అని తెలుపుటకే ఎక్కువ ఉపకరించెడిది. గంటల చప్పుడు విని ఎదుటి బండివాడు ఇఱుకుచోటికి రాకముందే ఆగెడివాడు. (చెఱకు ట్రాలీలకు వెనుక ఎఱ్ఱని మెఱుపుబిళ్లయైనను లేక రాత్రిపూట రోడ్డెక్కించువారు ఈ ముక్కను రెండుమాఱులు చదువుకొందురుగాక.) ఫ్లార్మ్ చేయు పనియు ఇదియే. అది ఇతరులను ప్రశ్నింపదు. తన సంగతి తాను చెప్పుచుండును, ఇతరులు చెప్పునది వినుచుండును.

కాని గంట కంటె అది కొంత తెలివైనది. ఉపగ్రహముల సాయముతో తానున్న చోటును, గాలి ఒత్తిడిని కొలిచి ఎత్తును కనిపెట్టును. ఇంతవఱకు తాను పోయిన తీరునుబట్టి, అనగా సూటిగా పోవుచున్నదా, గుండ్రముగా తిరుగుచున్నదా అని చూచి, రాబోవు కొద్ది సెకండ్లలో తానెచట నుండబోవునో లెక్కవేయును. ఆ లెక్కను సెకండున కొకమాఱు చిన్న రేడియోతో చాటును. సభలో అందఱు ఒక్కమాఱుగా మాటలాడిన ఏమియు వినబడదు గనుక, ఒక్కొక్క పెట్టె సెకండులో ఒక్కొక్క వేఱు క్షణమున పలుకునట్లు ఏర్పాటు చేసినారు. కొన్ని కిలోమీటర్ల వఱకు ఆ మాట వినబడును. ఎదుటి పెట్టె ఆ దారిని తన దారితో పోల్చి చూచును. దారులు కలియవేని ఊరకుండును. కావుననే ఒకే వేడిగాలిలో ఒద్దికగా తిరుగు పదిమందిలో అనవసరపు కేకలు చాలవఱకు తగ్గినవి. దారులు కలియునట్లున్నచో, ఢీకొనుటకు సుమారు 18 సెకండ్లు ముందుగా చిన్నగా కూయును. దగ్గఱకొలది కూత హెచ్చును. 8 సెకండ్లకు లోబడినచో గట్టిగా గోలచేయును. ఏ దిక్కున, పైననో క్రిందనో యున్నాడని చిన్న దీపములతో చూపును. ఇట్లు చేయుమని మాత్రము ఆజ్ఞాపింపదు. ఎచట చూడవలెనో చెప్పును. తప్పుకొనుట పైలటు పని. ఇది సరియైన పద్ధతియని నా అభిప్రాయము. ఆ చిన్న పెట్టెకు మబ్బు కనబడదు, కొండ ప్రక్కన గాలి క్రిందికి తోయుట తెలియదు. అవి తెలిసినవాడు పైలటు.

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. ఫ్లార్మ్‌కు కన్ను లేదు. పెట్టె లేని విమానము ప్రక్కనుండి పోయినను అది మౌనముగానే యుండును. ఎలుకల మందు ఒక్కని చేనిలో పెట్టిన ఏమగునో మన సభ్యులకు చెప్పనక్కఱలేదు. ప్రక్క చేని ఎలుకలు వారము దాటకుండ వచ్చి చేరును. ఇచట లెక్క మఱింత కఠినము. పదిమందిలో ముగ్గురికి పెట్టె యున్న దనుకొందము. యాదృచ్ఛికముగా ఇద్దఱు ఎదురుపడినపుడు ఇద్దఱి వద్దను పెట్టె యుండుట నూటికి తొమ్మిది తడవలే. సగముమంది కొన్నను నూటికి ఇరువదియైదే. పదిమందిలో తొమ్మండ్రు కొన్నపుడు అది 81 అగును. అనగా సగము మంది కొనువఱకు ఫలము నాలవ వంతు మాత్రమే దక్కును; మిగిలిన మూడు వంతులు తరువాతి సగము మంది చేతిలో నున్నవి. కావున నూటికి పదిమంది మాత్రమే కొనగల గొప్ప యంత్రముకంటె, నూటికి తొంబదిమంది కొనగల సామాన్యపు పెట్టె ఎక్కువ ప్రాణములను కాపాడును. వెల తగ్గించుట ఇచట బేరము సంగతి కాదు, పరికరము పనిచేయుటకే అది మూలము.

యూరపు గ్లైడరువారు దీనిని గ్రహించిరి. ఒక క్లబ్బువారు కొన్న పిమ్మట ప్రక్క క్లబ్బువారును కొనిరి. ఫ్రాన్సు దేశమున 2013 నుండి గ్లైడరులకు దానిని తప్పనిసరి చేసిరి. నేడు ప్రపంచమున నలుబదివేలకు మించిన విమానములలో ఈ పెట్టెలున్నవి. బ్రిటనులో వేఱు దారి త్రొక్కిరి: తన ఉనికిని రేడియోతో చాటు పరికరమేదైనను కొన్నవారికి, ఖర్చులో సగము, 250 పౌండ్లకు మించకుండ, తిరిగి యిచ్చు పథకమును 2020లో ఆరంభించిరి. మన స్ప్రేయర్ల సబ్సిడీ వంటిదే. ఒకనికిచ్చిన సబ్సిడీ వలన కొననివానికి గూడ మేలు కలుగునపుడు మాత్రమే అట్టి సబ్సిడీ న్యాయమని నేను తలచుదును, ఇది అట్టిది.

రైతులకు ఆసక్తి కలిగించు విషయ మింకొకటి యున్నది. ఆల్ప్సు కొండలలోని రైతులు నిటారైన వాలులలో గడ్డిని, కట్టెలను, పాలను దింపుటకై లోయకు అడ్డముగా ఇనుపతాళ్లను కట్టుదురు. ఆ తాడు ఆకాశమునుండి సాలెపోగుకంటె సన్నముగా కనబడును. హెలికాప్టరులకును కొండవాలు పట్టి ఎగురు గ్లైడరులకును అది యమపాశము. ఫ్లార్మ్ పెట్టెలలో ఇట్టి తాళ్ల యొక్కయు, విద్యుత్తు తీగల యొక్కయు, స్తంభముల యొక్కయు పట్టికను నింపుట కలదు. పైలటు వానికి దగ్గఱగుచున్నపుడు పెట్టె హెచ్చరించును. అయితే రైతు క్రొత్తగా కట్టిన తాటిని తెలియజేయనియెడల అది పట్టిక కెక్కదు. పట్టికలో లేనిదానికి పెట్టె కూయదు. పైలటు ప్రాణము ఆ యెఱుగని రైతు చేతిలో నున్నదన్నమాట.

లోపములు చెప్పకుండుట ధర్మము కాదు. కార్బను నారతో చేసిన గ్లైడరుల శరీరము రేడియో అలలను అడ్డగించును; ఆంటెనాను తగని చోట బిగించినచో వెనుకనుండియో క్రిందనుండియో వచ్చువాని మాట వినబడదు. లోపలి లెక్కల విధానమును కాలానుగుణముగా క్రొత్తదానితో మార్చుకొననిచో పెట్టె పాతబడిపోవును. కొందఱు పెట్టె కూయుటలేదు గదా యని బయటకు చూచుట మానుదురు. ఇది అన్నిటికంటె చెడ్డది.

ఇంతకన్న పెద్ద వివాద మొకటి యున్నది. ఫ్లార్మ్ పెట్టెలు మాటలాడు భాష ఒక కంపెనీ సొత్తు. ఇతర తయారీదారులు అనుమతి పొంది దానిని వాడుకొనవలెను. అన్ని పెట్టెలు ఒకే తీరున, ఒకే నాణ్యముతో పనిచేయుటకు ఇది అవసరమని కంపెనీవారు చెప్పుదురు. ప్రాణరక్షణకై వాడు భాష అందఱిదిగా నుండవలెనని ఎదుటివారి వాదము. ఈలోపల వేర్వేరు భాషలు పుట్టినవి: పెద్ద విమానముల ఏడీఎస్-బీ ఒకటి, బ్రిటనులో పైలట్‌అవేర్ ఒకటి, పారాగ్లైడరులవారి ఫానెట్ ఒకటి. ఒకని పెట్టె అఱచుచున్నను రెండవవానికి అర్థము కాదు. ఇపుడు కొన్ని పెట్టెలు రెండు మూడు భాషలను వినగలవు. 2022లో యూరపు విమానభద్రతా సంస్థవారు ఏడీఎస్-ఎల్ అను బహిరంగ భాషను ప్రకటించిరి. చౌక రేడియోతోనే ఎవరైనను దానిని వాడవచ్చును. మొదట ధైర్యము చేసి పెట్టుబడి పెట్టినవారికి ఫలము దక్కవలసినదే. కాని పైన చెప్పిన లెక్కను చూచినవారికి, భాష రెండుగా చీలిన రక్షణయు చీలునని వేఱుగ చెప్పనక్కఱలేదు.

చౌక పరికరములవలన అనుకోని మేలొకటియు కలిగినది. ఓపెన్ గ్లైడర్ నెట్‌వర్కు అను పేర కొందఱు స్వచ్ఛందముగా తమ ఇండ్ల కప్పులపై చిన్న ఆంటెనాలను నిలిపి, టెలివిజను చూచుటకై అమ్ము అతిచౌక రేడియో బిళ్లలతో ఫ్లార్మ్ మాటలను వినుచు, ఆ సమాచారమును ఒకచోట కూర్చుచున్నారు. గ్లైడరు ఏదైనను తప్పిపోయినచో, దాని చివరి మాట ఎచట వినబడెనో చూచి వెదకువారు నేరుగా ఆ లోయకే పోగలుగుచున్నారు.

ఇక డ్రోనుల మాట. యూరపులో డ్రోనులకై ప్రత్యేకముగా ఏర్పఱచిన ఆకాశభాగములలో, విమానశాఖవారి నడిపింపులో లేని మనుష్యవిమానము ప్రవేశింపదలచినచో తన ఉనికిని రేడియోతో చాటితీరవలెనను నిబంధన 2023 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చినది. గ్లైడరువారి చౌక రేడియో అందులకును పనికివచ్చుచున్నది. మన దేశమున 2021 నాటి డ్రోను నిబంధనల ప్రకారము పచ్చమండలములో డ్రోను నేలనుండి 120 మీటర్లకు మించి పోరాదు. మనుష్యులున్న విమానమునకు ఎల్లప్పుడును దారి విడువవలెను. మందు చల్లు డ్రోను పైరుపై రెండు మూడు మీటర్ల ఎత్తుననే తిరుగును గనుక సాధారణముగా చిక్కు రాదు. అయినను చేని గట్టునుండి గట్టునకు పోవునపుడు కరెంటుతీగను తప్పించుటకై పైకి లేపుట కలదు. వరదలకాలమున సహాయపు హెలికాప్టరులు మిక్కిలి తక్కువ ఎత్తున వచ్చును. హెలికాప్టరు చప్పుడు వినబడిన తక్షణమే డ్రోనును దింపి, అది కనుమఱుగగువఱకు నేలపైననే ఉంచవలెను. మన డ్రోను మందుపీపాతో కూడ చూచినను ఆ పైలటు కంటికి రేగుపండంతయే.